బ్యాటరీ లేని సైకిల్ లైట్లు: బెంగళూరులో చీకటి పడ్డాక తొక్కేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లొచ్చే మనవాళ్లు లైట్ల గురించి మాటిమాటికీ అడిగేవన్నీ ఒకచోట పెట్టాను. వరుసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి దూకేయండి. కాకపోతే సిగ్నల్ దగ్గర ఆగితే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం వదలకండి. ఈ లైట్లు కొని తర్వాత తిట్టుకునేవాళ్లలో చాలామంది ఆ సంగతి చూసుకోకుండా కొన్నవాళ్లే.

బ్యాటరీ లేకుండా లైటు ఎలా వెలుగుతుంది?

తీగచుట్ట పక్కన అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే చూపించింది అదే, మనం స్కూల్లో బట్టీ పట్టిందీ అదే. సైకిల్‌కి ఎలాగూ చక్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ తిరుగుడులోంచి కాస్త కరెంటు లాక్కోవడమే మొత్తం కథ.

లాక్కునే పద్ధతులు ముఖ్యంగా మూడు. టైరు పక్కకి చిన్న రోలర్ ఆనించి తిప్పేది సీసా డైనమో, మన పాత సైకిళ్లకి ఉండేది ఇదే. ముందు చక్రం మధ్యలో హబ్ లోపలే అయస్కాంతాలూ కాయిలూ దాచేసింది హబ్ డైనమో. స్పోకులకి అయస్కాంతాలు బిగించి, అవి లైటు పక్కనుంచి వెళ్లినప్పుడల్లా తాకకుండానే కరెంటు పుట్టించేది మూడోది, దాన్ని ఇక్కడ అయస్కాంతం లైటు అందాం.

యూఎస్‌బీ ఛార్జింగ్ లైట్లు చవగ్గా దొరుకుతుంటే ఇదంతా ఎందుకు?

ఛార్జింగ్ లైటు చెడ్డదేం కాదు, వెలుగు కూడా చాలావాటికి ఎక్కువే. గొడవంతా మనతోనే. మన ఊళ్లో సూర్యాస్తమయం జూలైలో ఆరూ నలభై, ఆరూ యాభై దాకా జరుగుతుంది, నవంబర్ చివరికి వచ్చేసరికి ఆరులోపే అయిపోతుంది. వెలుతురుండగా బయల్దేరదాం అనుకున్నవాడు ఐదున్నరకి ఒక కాల్ వచ్చి ఏడున్నరకి దిగుతాడు, లైటేమో ఇంట్లో ఛార్జర్ పక్కన ఉంటుంది, లేదంటే బ్యాగులోనే ఉంటుంది కానీ అందులో ఛార్జ్ ఉండదు. ఇక సైకిల్ పార్కింగ్‌లో పెట్టి వెళ్లేటప్పుడు ప్రతిసారీ ఊడదీసి జేబులో వేసుకోకపోతే ఎవరో ఒకరు వేసుకుంటారు.

డైనమో లైటు సైకిల్‌కి నట్లతో బిగించి ఉంటుంది, చక్రం తిరిగితే వెలుగుతుంది, గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. ఎప్పుడూ వెలిగే లైటు వల్ల నిజంగా తేడా ఉంటుందా అని డెన్మార్క్‌లోని ఒడెన్సె ఊళ్లో 2004 నవంబర్ నుంచి ఏడాదిపాటు పెద్ద పరీక్షే చేశారు. 3845 మంది సైక్లిస్టులను రెండు గుంపులు చేసి ఒక గుంపుకి పగలూ రాత్రీ వెలిగే అయస్కాంతం లైట్లు ఇచ్చారు. ఆ గుంపులో దెబ్బలు తగిలిన ప్రమాదాల రేటు రెండో గుంపు కన్నా 19 శాతం తక్కువగా వచ్చింది. ప్రమాదాలు ఎవరికి వారే చెప్పినవి, పైగా అక్కడి రోడ్లు వేరు, కాబట్టి ఆ అంకెను యథాతథంగా మన సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌కి అతికించలేం. కానీ వాళ్లకి ఇచ్చినవి దారి మొత్తం వెలిగించే పెద్ద లైట్లు కావు, చిన్నవి. ఆపకుండా వెలగడం వాటి గొప్ప.

మా తాత సైకిల్‌కి ఉన్న డైనమోయేగా? అది పెడితే తొక్కలేక ఆయాసం వచ్చేది!

జాతి అదే, తరం వేరు. పల్లెల్లో పట్నాల్లో ఒకప్పుడు రాత్రి లైటు లేకుండా సైకిల్ మీద వెళ్తే పోలీసులు ఆపి గాలి తీసేసేవాళ్లు, ఫైన్ వేసేవాళ్లు. డైనమో కొనలేనివాళ్లు కిరోసిన్ దీపం తగిలించుకుని వెళ్లేవాళ్లు. ఆ రోజుల డైనమోతో రెండు తిప్పలు. ఒకటి, రోలర్ టైరుని గట్టిగా నొక్కి రాపిడితో తిరిగేది, కాబట్టి మనం పెట్టిన శక్తిలో చాలా భాగం రాపిడికే పోయి మూడో వంతు కరెంటు వస్తే గొప్ప. రెండోది బల్బు. అప్పటి చిన్న ఫిలమెంట్ బల్బు ఆ వచ్చిన కరెంటులో ఎక్కువ శాతాన్ని వేడి కింద ఖర్చు చేసేసి పసుపుపచ్చ మసక వెలుగు ఇచ్చేది. అంత కష్టపడి తొక్కితే కనిపించేది అంతే కాబట్టి తాతగారు తిట్టుకోవడంలో న్యాయం ఉంది.

ఇప్పుడు అదే 3 వాట్లతో ఎల్ఈడీ లైటు రోడ్డుని శుభ్రంగా చూపిస్తుంది. మంచి హబ్ డైనమో అయితే లైటు వెలుగుతున్నప్పుడు మన కాళ్ల నుంచి తీసుకునేది ఐదారు వాట్లు. మామూలుగా తొక్కేవాడు డెబ్బై నుంచి వంద వాట్ల దాకా పెడతాడు కాబట్టి అది మీకు కిలోమీటరుకి ఒకటిన్నర మీటరు ఎత్తు ఎక్కే వాలు లాంటిది, అంటే పట్టిపట్టి చూస్తే తప్ప తెలియదు. టైర్లో గాలి తక్కువైతే అంతకన్నా బరువుగా లాగుతుంది. సీసా డైనమో మాత్రం ఇప్పటికీ కాస్త గర్రుమంటుంది, కాస్త లాగుతుంది.

సరే, నాకు ఏది కొనుక్కోవాలి?

ఎంత డబ్బు పెట్టగలరు అన్నది తర్వాత చూద్దాం, ముందు మీ దారి చెప్పండి. రోడ్డు మీకు కనపడకపోవడం ఒక సమస్య, రోడ్డు మీద మీరు ఇతరులకి కనపడకపోవడం ఇంకో సమస్య. ఊళ్లో ఎక్కువమందికి ఉండేది రెండోదే.

మీది జయనగర్, ఇందిరానగర్, హెచ్ఎస్ఆర్ లేఅవుట్ లాంటి చోట్ల వీధిదీపాలున్న దారి, పది కిలోమీటర్లలోపు అనుకుందాం. అప్పుడు ముందొకటి వెనకొకటి అయస్కాంతం లైట్లు బిగించుకుని, దాంతోపాటు మంచి రిఫ్లెక్టర్లు పెట్టుకుంటే చాలు. ఆ డబ్బులో మిగిలింది బ్రేకుల మీద పెట్టండి.

సర్జాపుర రోడ్డు దాటి లోపలికి, వర్తూరు చెరువు వైపు, హొసకోటె వైపు, దేవనహళ్లి చుట్టూ పల్లె రోడ్లు, ఇలాంటి చోట్ల మీకు రోడ్డే కనపడదు. రంగు వేయని హంపులు, మూత లేని డ్రెయిన్లు, మట్టి లారీ పారబోసిన కంకర, వీటన్నిటినీ చిన్న లైటుతో చూడలేరు. వారంలో చాలా రోజులు అలాంటి దారైతే ఖర్చైనా హబ్ డైనమోకే వెళ్లండి, ఎందుకంటే దాని హెడ్ లైటు నిజంగా దారి చూపిస్తుంది. సైకిల్ మార్చినా చక్రం మార్చుకుని అదే వాడుకోవచ్చు.

మధ్యలో ఉన్నవాళ్లకి, అంటే సగం దారి దీపాలుండి సగం చీకటైతే, లేదా కరెంటు పోయినప్పుడు సర్వీస్ రోడ్డు మొత్తం గుడ్డి చీకటైపోయే ఏరియా అయితే, ఎల్ఈడీ లైటుతో సీసా డైనమో పనికొస్తుంది. వెలుతురున్నంతసేపూ రోలర్ పక్కకి లాగేసి మామూలుగా తొక్కొచ్చు. మౌంటెన్ బైక్‌లకి ఉండే గుబ్బల టైర్ల మీద, మరీ పల్చని రేసింగ్ టైర్ల మీద ఇది సరిగ్గా నడవదు. టైరు పక్కన సన్నని గీతల పట్టీ ఉందేమో చూడండి, అది డైనమో రోలర్ కోసం పెట్టిందే.

ఏది కొన్నా వెనక లైటు ముందు. డబ్బు ఒక్కదానికే ఉంటే ఎర్ర లైటు కొనండి. ముందు గుంత వస్తే మీ స్పీడ్ మీ చేతిలో ఉంటుంది, వెనక టెంపో స్పీడ్ మీ చేతిలో ఉండదు.

అయస్కాంతం లైట్లు తాకకుండా ఎలా వెలుగుతాయి? బరువుగా లాగదా?

స్పోకులకి రెండు గట్టి అయస్కాంతాలు బిగిస్తారు, ఇరుసు దగ్గర ఫ్రేముకి లైటు ఉంటుంది, దాంట్లో కాయిల్. అయస్కాంతం కొన్ని మిల్లీమీటర్ల దూరంలోంచి వెళ్లిన ప్రతిసారీ ఒక చిన్న కరెంటు పోటు వస్తుంది. ఒడెన్సె పరీక్షలో వాడిన డెన్మార్క్ కంపెనీ రీలైట్ లైట్లు ఈ రకానివే. రాపిడి లేదు కాబట్టి లాగుతున్నట్టు అనిపించదు, చప్పుడూ ఉండదు. ఉత్తినే మాత్రం కాదండోయ్, పుట్టే ప్రతి వాటూ మీ కాళ్లలోంచే వస్తుంది, కాకపోతే ఇక్కడ పుట్టేదే చాలా తక్కువ. వెలుగు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది, ఇతరులకి మనం కనపడడానికి సరిపోతుంది, మనం గుంతలు చూసుకోడానికి సరిపోదు.

2012లో జర్మనీ నుంచి మాగ్నిక్ లైట్ అని ఇంకోటి వచ్చింది. దానికి స్పోకుల మీద అయస్కాంతాలు కూడా అక్కర్లేదు, అల్యూమినియం రిమ్ము పక్కన లైటు పెడితే రిమ్ములో పుట్టే సుడి కరెంట్లతో లోపలి అయస్కాంతం తిరుగుతుంది. తెలివైన పనే, కానీ రిమ్ము వంకరగా ఉంటే దూరం కుదరదు, బెంగళూరు గుంతల్లో వంకరపోని రిమ్ము ఎన్నాళ్లుంటుందో మీకు తెలుసు.

బిగించే ముందు రెండు చూడండి. డిస్క్ బ్రేకున్న వైపు చోటు దొరకదు, రెండో వైపు పెట్టాలి. ఈ లైట్లు ఇరుసు దగ్గర బాగా కిందుగా ఉంటాయి కాబట్టి జామ్‌లో చుట్టూ స్కూటర్లు మూగితే కనపడవు, క్యారియర్‌కి సంచులు వేలాడదీస్తే అసలే కనపడవు. అందుకే సీటు కింద ఎత్తులో ఎర్ర రిఫ్లెక్టర్ ఒకటి తప్పకుండా ఉంచుకోండి.

సిగ్నల్ దగ్గర ఆగితే లైటు ఆరిపోతుందా?

ఈ ప్రశ్న దగ్గరే బేరం తేలుతుంది. చక్రం ఆగితే కరెంటు ఆగుతుంది, అందులో సందేహం లేదు. పాత డైనమోకి ఆగిన క్షణంలోనే చీకటి. మారతహళ్లి బ్రిడ్జి కింద సాయంత్రం సిగ్నల్ పడితే ఎంతసేపు నిలబడాలో తెలిసిందే, అంతసేపూ వెనకనుంచి వచ్చే బండ్లకి మీరు కనపడకుండా ఉంటే కష్టం. రైటు తిరగడానికి రోడ్డు మధ్యలో ఆగినప్పుడు ఇంకా కష్టం.

దీనికి విరుగుడు స్టాండ్‌లైట్. లైటు లోపల ఒక సూపర్ కెపాసిటర్ ఉంటుంది, తొక్కుతున్నప్పుడు అది నిండుతుంది, ఆగాక దాంట్లోంచి చిన్నగా వాడుకుంటూ లైటు కొన్ని నిమిషాలు వెలుగుతూనే ఉంటుంది. కెపాసిటర్ బ్యాటరీ కాదు, రసాయనాలు అరిగిపోవడం, ఏడాదికోసారి మార్చడం ఉండవు. బయల్దేరగానే మొదటి సిగ్నల్ దగ్గర మాత్రం అది నిండి ఉండకపోవచ్చు, రెండు మూడు నిమిషాలు తొక్కాక దారిలో పడుతుంది.

కాబట్టి ఏ రకం కొన్నా షాపువాణ్ణి అడగాల్సిన మొదటి మాట, ఆగాక వెలుగుతుందా, ఎంతసేపు? వెనక లైటుకి స్టాండ్‌లైట్ లేకపోతే కొనొద్దు. ముందు లైటుకి లేకపోయినా సర్దుకోవచ్చు. అయస్కాంతం లైట్లలో పాత మోడళ్లకి ఇది ఉండదు, అయస్కాంతం దాటినప్పుడల్లా మిణుకుమని ఆగగానే ఆరిపోతాయి, చవగ్గా దొరుకుతున్నవి చాలావరకు అవే.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మెల్లగా తొక్కితే వెలుగు తగ్గుతుందా?

తగ్గుతుంది. సాధారణంగా డైనమోలకి చెప్పే 6 వోల్టులు 3 వాట్లు గంటకి 15 కిలోమీటర్ల స్పీడ్ దగ్గరి లెక్క. నడక వేగానికి పడిపోతే హబ్ డైనమో లైటు కూడా మసకబారి రెపరెపలాడుతుంది, వచ్చేది అటూఇటూ మారే ఏసీ కరెంటు కాబట్టి మెల్లగా తిరిగితే ఆ మార్పు కంటికి తెలుస్తుంది. ఎల్ఈడీ, కెపాసిటర్ ఉన్నవాటిలో ఇది చాలా తక్కువ. అయినా మీరు మెల్లగా ఎక్కే చోటే వెనక బండ్లు జోరుగా ఎక్కుతుంటాయి కాబట్టి ఎత్తులున్న దారైతే స్టాండ్‌లైటూ రిఫ్లెక్టరూ రెండూ ఉండాలి.

వానలో పనిచేస్తాయా?

సీసా డైనమోకి వాన గిట్టదు. టైరు తడిసి బురద అంటితే రోలర్ జారుతుంది, లైటు ఆరి వెలిగి ఆరి వెలుగుతుంది. రోలర్‌కి రబ్బరు టోపీ తొడిగితే కొంత నయం, నొక్కుడు కాస్త పెంచినా నయమే కానీ అప్పుడు ఇంకా లాగుతుంది, టైరు పక్క త్వరగా అరుగుతుంది. సెప్టెంబర్, అక్టోబర్ సాయంత్రాల్లో ఇక్కడ పడే వానలు తెలిసినవాళ్లు, వానలోనూ సైకిల్ ఆపనివాళ్లు దీని మీదే పూర్తిగా ఆధారపడకపోవడం మంచిది.

హబ్ డైనమోకి, అయస్కాంతం లైట్లకి వాన లెక్కే కాదు. మునిగిన అండర్‌పాస్‌లో హబ్ దాకా నీళ్లొచ్చేలా తొక్కితే మాత్రం ఏ బేరింగైనా పాడవుతుంది, అది లైటు తప్పు కాదు.

హబ్ డైనమో వేయించాలంటే ఏమేం చూసుకోవాలి?

ఇది బల్బు మార్చినంత తేలిక పని కాదు. ముందు చక్రం హబ్ తీసేసి కొత్త హబ్‌తో చక్రం మళ్లీ అల్లాలి, లేదా డైనమోతో అల్లిన చక్రమే కొనాలి. షిమానో, జర్మనీలో ష్మిట్ కంపెనీ చేసే సోన్ లాంటివి పేరున్నవి, సోన్ ఖరీదు చాలా ఎక్కువ, రోజువారీ ఆఫీసు దారికి షిమానో మామూలు మోడల్ సరిపోతుంది.

హబ్ కొనే ముందు స్పోకుల రంధ్రాలు లెక్కపెట్టండి. హబ్‌కి ఎన్నుంటే రిమ్ముకీ అన్నే ఉండాలి, ఎక్కువగా 32 లేదా 36 దొరుకుతాయి. తర్వాత ఇరుసు. నట్లతో బిగించేదా, లివర్‌తో ఊడే క్విక్ రిలీజా, లావుపాటి త్రూ యాక్సిలా? ఫోర్కు లోపలి వెడల్పు మామూలు సైకిళ్లకి 100 మిల్లీమీటర్లు, కొత్త మౌంటెన్ బైక్‌లకి 110 ఉంటుంది. డిస్క్ బ్రేకైతే డిస్క్ ఆరు బోల్టులతో పట్టేదా, మధ్యలో ఒకే రింగుతో బిగించే సెంటర్ లాకా? ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని వెళ్లండి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించి వెనక్కి పంపే పని తప్పదు.

చక్రం అల్లడం మాత్రం చేయి తిరిగినవాడికే ఇవ్వండి. పెద్ద షోరూముల్లో కొన్నిచోట్ల కొత్త బండ్లు బిగించడం తప్ప స్పోకులు అల్లేవాళ్లు ఉండరు, పాత సైకిల్ షాపుల్లోని పెద్దాయనలకి ఆ విద్య బాగా తెలుసు. షిమానో హబ్‌కి వైరు కనెక్టర్ కుడి పక్కకి, పైకి చూసేలా ఉండాలి. పంక్చర్ వేసినతను చక్రం తిరగేసి పెడితే వైరు మెలిపడుతుంది. పంక్చర్ వేయించేటప్పుడు దగ్గరుండి, వైరు మీరే ముందు ఊడదీసి చివర్లో మీరే తగిలించుకోండి.

ల్యూమెన్లు చూడాలా, లక్స్ చూడాలా?

లైటులోంచి మొత్తం ఎంత వెలుగు వచ్చిందో ల్యూమెన్లు చెప్తాయి, రోడ్డు మీద ఎంత పడిందో లక్స్ చెప్తుంది. టార్చ్ లైట్ల లాంటివి వేలల్లో ల్యూమెన్లు రాసుకుంటాయి, సగం వెలుగు చెట్లకీ ఎదుటివాడి కళ్లకీ పోతుంది. డైనమో లైటుకి ఉండే 3 వాట్లని అలా పారబోసుకోలేం కాబట్టి మంచి డైనమో హెడ్ లైట్లలో వెలుగుని పైన గీత గీసినట్టు కోసేసి మొత్తం రోడ్డు మీదికే పంపిస్తారు. జర్మనీ రూల్స్‌లో 10 మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్ ఉండాలి, ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకూడదు. అక్కడ 2013 దాకా మామూలు సైకిళ్లకి డైనమో తప్పనిసరి కూడా, అందుకే ఈ లైట్లలో జర్మన్ కంపెనీలు అంత ముదిరిపోయాయి. రోడ్డు చూసుకోడానికైతే 40 లక్స్ పైన ఉన్నది తీసుకుంటే చీకటి దారికి ధైర్యంగా ఉంటుంది.

హెడ్ లైటు కాస్త కిందికి వంచి బిగించండి. ఎదురుగా హై బీమ్‌తో వచ్చే కారువాణ్ణి మనం రోజూ తిట్టుకుంటాం, మనమూ అదే పని చేస్తే ఎలా?

మిణుకుమిణుకుమనే లైటు మంచిదా, నిలకడగా వెలిగేదా?

పగలూ మునిమాపూ మిణికేది త్వరగా కంట పడుతుంది. బాగా చీకట్లో నిలకడగా వెలిగేదే మేలు, ఎందుకంటే మిణికే చుక్క ఎంత దూరంలో ఉందో, ఎటు కదులుతోందో వెనక డ్రైవర్‌కి అంచనా దొరకదు.

లైటు ఒక్కోసారి వెలిగి ఒక్కోసారి వెలగట్లేదు, డైనమో పాడైందా?

తొంభై పాళ్లు వైరు. సీసా డైనమోల్లో చాలావాటికి ఒకటే వైరు ఉంటుంది, రెండో దారి ఫ్రేము ఇనుమే. పట్టీకి ఒక ముల్లు లాంటి స్క్రూ ఉంటుంది, అది పెయింటుని గీసుకుని ఇనుముకి తగిలితేనే ఎర్త్ దొరుకుతుంది. తుప్పు పట్టినా, మళ్లీ పెయింట్ వేసినా లైటు పోతుంది. కార్బన్ ఫ్రేము అయితే రెండు వైర్లూ లాగాల్సిందే. నా మాటకైతే ఇనుప ఫ్రేముకి కూడా రెండో వైరు వేసేయండి, ఆ ఎర్త్ టెన్షన్ ఒక్కసారితో పోతుంది.

ఇంకా ఫిలమెంట్ బల్బులే ఉంటే, ముందు బల్బు పోయిన కాసేపటికి వెనకదీ పోతుంది. రెండూ పంచుకోవాల్సిన కరెంటు ఒక్కదాని మీదే పడుతుంది కాబట్టి. ఒకటి పోయిందని చూడగానే తొక్కడం తగ్గించండి.

ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లి ఎల్ఈడీలు తెచ్చుకుని సొంతంగా చేసుకుందాం అనుకునే ఇంజినీర్లకి ఒక మాట. డైనమో ఇచ్చేది ఏసీ, బైకుల 12 వోల్టుల డీసీ లైటు తెచ్చి నేరుగా తగిలిస్తే పనిచేయదు. నాలుగు షాట్కీ డయోడ్లతో బ్రిడ్జ్, పక్కన ఒక కెపాసిటర్, దిగుడులో వోల్టేజీ ఎగిరిపోకుండా ఒక జీనర్, ఇవన్నీ కావాలి. వారాంతపు సరదాకి బాగుంటుంది, కానీ రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లే సైకిల్‌కి రెడీమేడ్ లైటే పెట్టండి.

డైనమోతో ఫోన్ ఛార్జ్ అవుతుందా?

హబ్ డైనమోకి యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే అవుతుంది, స్పీడ్ 15 పైన నిలిపితే, లైటు ఆపితే. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే ఊళ్లో ఛార్జ్ అయ్యేదానికన్నా ఛార్జింగ్ ఆగింది, మొదలైంది అని ఫోన్ టింగుమనడమే ఎక్కువ. దూర ప్రయాణాలకి ఉంచుకోండి.

రిఫ్లెక్టర్లు చాలవా? అవీ బ్యాటరీ లేనివేగా!

అవి లైటుకి తోడు, బదులు కాదు. ఎదుటి బండి లైటు వాటి మీద పడితేనే మెరుస్తాయి. పక్క సందులోంచి వచ్చే స్కూటర్ లైటు మీ మీద పడేసరికే ఆలస్యమైపోతుంది, హెడ్ లైటు లేని ఎద్దుబండికీ, ఫోన్ చూస్తూ రోడ్డు దాటేవాడికీ మీ రిఫ్లెక్టర్ కనపడనే కనపడదు.

కానీ తోడుగా వాటి విలువ చాలా ఎక్కువ, ఖర్చు చాలా తక్కువ. కేంద్ర ప్రభుత్వం 2020లో సైకిళ్ల రిఫ్లెక్టర్లకి నాణ్యత ప్రమాణాల ఆర్డర్ కూడా తెచ్చింది. కొత్త సైకిల్ కొనగానే స్టైల్‌గా లేవని వాటిని పీకేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెడళ్ల రిఫ్లెక్టర్లు మాత్రం చచ్చినా తీయకండి. అవి కిందికీ పైకీ ఊగుతుంటాయి కాబట్టి వెనకవాడికి అక్కడ తొక్కుతున్న మనిషి ఉన్నాడని వెంటనే తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో చేసిన పరీక్షల్లోనూ మోకాళ్లకీ చీలమండలకీ రిఫ్లెక్టర్ పట్టీలు కట్టుకున్నవాళ్లని డ్రైవర్లు బాగా గుర్తుపట్టారు. మెరిసే పసుపుపచ్చ జాకెట్ రంగు పగటికే, అతినీలలోహిత కిరణాలు లేని రాత్రి ఆ రంగు ఉత్తదే, దాని మీద వెండి రంగు రిఫ్లెక్టర్ పట్టీలుంటేనే రాత్రి పనికొస్తుంది.

పిల్లల సైకిల్‌కి ఏది?

లేఅవుట్ లోపల ట్యూషన్‌కి వెళ్లొచ్చే పిల్లలకి అయస్కాంతం లైట్లు. స్విచ్ లేదు, మర్చిపోవడం లేదు. చిన్న చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి మెల్లగా తొక్కినా వెలుగుతాయి. అయస్కాంతాలు ఊడిపోతున్నాయేమో నెలకోసారి చూడండి, గట్టి అయస్కాంతాలు చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుని మింగితే చాలా ప్రమాదం.

మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ అన్న పాత నల్ల సైకిల్ మీద రాత్రి పదింటికి ఇంటికెళ్తాడు. తక్కువలో ఏం చేయొచ్చు?

నిజానికి ఈ లైట్లు మనకన్నా ఎక్కువ కావాల్సింది వాళ్లకే. అనంతపురం, కర్నూలు వైపునుంచి వచ్చి ఇక్కడ సెక్యూరిటీలోనూ కట్టడం పనుల్లోనూ ఉన్న మనవాళ్లు చాలామంది పాత సైకిళ్ల మీదే డ్యూటీకి వెళ్లొస్తుంటారు, షిఫ్టు మారేదేమో చీకట్లో.

ఆ సైకిళ్లకి ఫోర్కు మీద సీసా డైనమో బిగించే చోటు ఉంటుంది, టైరు పక్క కూడా గట్టిది. కొన్ని వందల రూపాయల్లో డైనమో, లైటు సెట్ దొరుకుతుంది, బల్బు తీసి డైనమోకి పనికొచ్చే 6 వోల్టుల ఎల్ఈడీ పెట్టించండి. డైనమో ఇరుసు గీత చక్రం నడిమధ్యకి చూస్తున్నట్టు ఉండాలి, వంకరగా పెడితే టైరు తినేస్తుంది. పట్టీ నట్లు గట్టిగా ఉండాలి, వదులై డైనమో స్పోకుల్లోకి వెళ్తే మనిషి ముందుకి ఎగిరిపడతాడు. ఈ చవక సెట్లకి స్టాండ్‌లైట్ ఉండదు కాబట్టి వెనక మడ్గార్డుకి లారీలకి అంటించే రకం ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, ఫోర్కుకి ముందువైపు తెల్ల టేపు, పెడళ్లకి పసుపు టేపు అంటించండి. సామాన్లు తెచ్చి చేతికిస్తే ఎక్కడో మూల పడుంటాయి. ఒక ఆదివారం మీరే దగ్గరుండి బిగించి ఇవ్వండి.

దొంగలు?

హబ్ డైనమో ఉన్న ముందు చక్రానికి క్విక్ రిలీజ్ లివర్ తీసేసి అలెన్ కీతో ఊడే ఇరుసు వేయించండి, తాళం చైను ముందు చక్రంలోంచి కూడా తిప్పండి. సీసా డైనమోని, అయస్కాంతం లైటుని ఎవరూ అంతగా పట్టించుకోరు.

షాపులో కొనే ముందు ఎలా చూడాలి?

పట్టపగలు షాపు ముందు చూసి ఏ లైటూ కొనకండి, వీలైతే ఆరున్నర దాటాక వెళ్లండి. బిగించిన సైకిల్ ఉంటే చక్రం ఎత్తి చేత్తో తిప్పించండి, లైటు ఎంత మెల్లగా తిరిగినా పట్టుకుంటోందా చూడండి, కాసేపు తిప్పాక ఆపి ఫోన్లో టైమర్ పెట్టండి. వెనక లైటు రెండు నిమిషాలైనా నిలవాలి. తర్వాత ముప్పై అడుగులు వెనక్కి నడిచి చూడండి, అలాగే రెండు పక్కల నుంచీ చూడండి, నేరుగా వెనక నుంచి మాత్రమే కనపడి పక్కకి జరిగితే మాయమయ్యే లైట్లు చాలా ఉన్నాయి, జంక్షన్లలో మనకి వాహనాలు వచ్చేది పక్కనుంచే. వైరు తెగితే, కెపాసిటర్ పోతే బాగుచేస్తారా అని కూడా అడగండి, విదేశీ లైటైతే ఇక్కడ సర్వీసు ఎవరిస్తారో బిల్లు మీద రాయించుకోండి.